ఒక్క సీజన్‌లోనూ యాభై కొట్టని హ్యాంక్ ఆరన్ 755 హోమ్ రన్లకు ఎలా చేరాడు?

ప్రశ్న: వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

అందరికీ నమస్కారం. ఆమదాలవలస దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా బడిలో నాలుగేళ్ళుగా బాలికల సాఫ్ట్‌బాల్ జట్టు నడుస్తోంది. ఈ ఏడాది జట్టులోకి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చింది. బక్కపలచని పిల్ల, నలభై కిలోలు కూడా తూగదు. అయినా బంతి బ్యాటుకు సరిగ్గా తగిలిందంటే మైదానం చివరి సరుగుడు చెట్ల దాకా పోతుంది. చిక్కల్లా ఆమె పట్టులో ఉంది. కుడిచేతి వాటం పిల్ల కాబట్టి కుడిచేయి పైన, ఎడమచేయి కింద ఉండాలి. ఆమె మాత్రం ఎడమచేతిని పైన ఉంచి, కుడిచేతిని బ్యాటు చివర పెట్టి కొడుతుంది. చిన్నప్పుడు వీధిలో అన్నల వెంట కొబ్బరి మట్టతో రబ్బరు బంతిని కొట్టిన రోజుల నుంచీ అదే అలవాటని చెప్పింది.

నా తోటి ఉపాధ్యాయుడు ఒకరు ఆమెను ఫీల్డింగ్‌కు పరిమితం చేయమంటున్నారు. దూరం కొట్టడానికి ఒళ్ళు కావాలని, ఇంత సన్నని పిల్ల మీద సమయం పెట్టే బదులు బలిష్ఠమైన ఇద్దరు ముగ్గురిని తయారుచేసుకోవడం మేలని ఆయన అభిప్రాయం. ఆయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది గనుక వెంటనే కాదనలేకపోయాను. ఈ ఆలోచనలో ఉండగానే అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ గురించి చదివాను. ఆయన కూడా మొదట్లో ఇలాగే చేతులు తారుమారుగా పట్టుకునేవాడట. మన క్రికెట్ సిక్సర్‌కు దగ్గరి బంధువైన హోమ్ రన్లను అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో 755 కొట్టాడు. పాతతరం ఆటగాడు బేబ్ రూత్ పేరు మీద 39 ఏళ్ళుగా నిలిచి ఉన్న 714 రికార్డును దాటింది ఆయనే. కానీ సీజన్ల వారీ లెక్క చూస్తే ఒక్క ఏడాదిలోనూ 50 దాటలేదు సరికదా, 50కి చేరనూలేదు. అత్యధికం 1971లో కొట్టిన 47.

పట్టు సంగతి నిజమేనా, నిజమైతే దానిని ఎవరు, ఎలా సరిచేశారు? ఏ ఏడాదీ యాభై కొట్టని మనిషిని మహా బలశాలి అయిన బ్యాటర్ అనవచ్చునా, లేక ఎక్కువ కాలం ఆడటం వల్లా, అట్లాంటాలోని సొంత మైదానం కలిసిరావడం వల్లా ఆ అంకె వచ్చిందా? మరొక సందేహం కూడా ఉంది. రికార్డుకు చేరువైన రోజుల్లో ఆయనకు వచ్చిన ద్వేషపు ఉత్తరాల గురించి పద్నాలుగేళ్ళ పిల్లలకు చెప్పవచ్చునా? తెలిసినవారు వివరంగా రాయగలరని ప్రార్థన.

జవాబు: విశ్రాంత రైల్వే ఉద్యోగి, విజయనగరం

మాస్టారూ, మీరు సరైన మనిషి గురించే అడిగారు. మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా నేను ఆరన్ గురించి చదువుతూ, తెలిసినవారిని అడుగుతూ కాలక్షేపం చేసేవాడిని. ఆయన 715వ హోమ్ రన్ కొట్టిన స్టేడియాన్ని 1997లో పడగొట్టేశారు. తర్వాత అది వాహనాలు నిలిపే స్థలమైంది. కానీ ఆ బంతి దాటిన చోట గోడ ముక్కను, 715 అంకెను అలాగే ఉంచారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

పట్టు సంగతి నిజమే. ఆరన్ 1934 ఫిబ్రవరి 5న అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఓడల మరమ్మతు చేసే చోట పనిచేసేవాడు. ఇంట్లో బ్యాటూ బంతీ కొనే స్తోమతు లేదు. చీపురు కర్రతో సోడా సీసాల మూతలను కొట్టడమే అతని సాధన. గాలిలో వంకరలు తిరుగుతూ వచ్చే ఆ చిన్న మూతను కర్రతో అందుకోవడం ఎంత కష్టమో మన ఊళ్ళలో కర్రా బిళ్ళ ఆడినవారికి వేరే చెప్పనక్కరలేదు. నేర్పే మాస్టారు ఎవరూ లేరు కనుక చేతులు ఎలా పడితే అలా పట్టుకున్నాడు, అదే స్థిరపడింది. అతను చదివిన బడిలో బేస్‌బాల్ జట్టు లేదు, సాఫ్ట్‌బాల్ ఆడాడు. ఈ ముక్క మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

1952లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, నల్లజాతి ఆటగాళ్ళ లీగ్‌లోని ఇండియానాపోలిస్ క్లౌన్స్ జట్టులో చేరాడు. నెలకు 200 డాలర్లు. అప్పటికీ చేతులు తారుమారే. అలాగే కొడుతూ లీగ్‌లో పేరు తెచ్చుకున్నాడు. అప్పుడు బోస్టన్ బ్రేవ్స్ జట్టు తరఫున ఆటగాళ్ళను వెతికే డ్యూయీ గ్రిగ్స్ అనే ఆయన అతని ఆట చూడటానికి వచ్చి, ఒకసారి అందరిలా పట్టుకొని కొట్టి చూడమని అడిగాడు. ఆరన్ చేతులు మార్చుకొని బంతిని కంచె దాటించాడు. తర్వాత వెనక్కి వెళ్ళలేదు. ఆ వేసవిలోనే బ్రేవ్స్ అతని ఒప్పందాన్ని 10,000 డాలర్లకు కొన్నారు.

మరుసటి ఏడాది అతన్ని ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ జట్టుకు పంపారు. దక్షిణ రాష్ట్రాల ఆ లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్ళు ఆడటం అదే మొదలు. తోటి ఆటగాళ్ళు దిగిన హోటల్లో దిగే వీలు లేదు, వారు తిన్నచోట తినే వీలు లేదు. అయినా 1953లో లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడయ్యాడు. బ్రేవ్స్ అప్పటికే బోస్టన్ నుంచి మిల్వాకీకి మారారు. 1954 వసంతంలో, సాధన పోటీల్లో బాబీ థామ్సన్ అనే పేరున్న ఆటగాడికి చీలమండ విరగడంతో అతని స్థానం ఈ ఇరవై ఏళ్ళ కుర్రవాడికి దక్కింది. ఏప్రిల్ 13న తొలి ఆట, ఏప్రిల్ 23న తొలి హోమ్ రన్. విచిత్రం ఏమిటంటే అదే సెప్టెంబర్‌లో ఆరన్ చీలమండ కూడా విరిగింది, ఆ ఏడాది లెక్క 13 దగ్గర ఆగిపోయింది.

1957 గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. సెప్టెంబర్ 23న సెయింట్ లూయిస్ జట్టుతో ఆట మామూలు తొమ్మిది ఇన్నింగ్స్ దాటి పదకొండోదానికి వెళ్ళింది. అక్కడ ఆరన్ కొట్టిన హోమ్ రన్‌తో మిల్వాకీ జట్టు మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో విజేత అయింది. తోటి ఆటగాళ్ళు అతన్ని భుజాల మీద మోసుకెళ్ళారు. ఆ తర్వాత న్యూయార్క్ యాంకీస్‌తో తుది పోటీ అయిన వరల్డ్ సిరీస్ ఏడు ఆటలు సాగింది. ఆరన్ మూడు హోమ్ రన్లు కొట్టి, .393 సగటు (వెయ్యి అవకాశాలకు 393 సఫలమైన దెబ్బల లెక్క) సాధించాడు, మిల్వాకీ గెలిచింది. లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆయన జీవితం మొత్తంలో ఆ ఒక్క ఏడాదే వచ్చింది. నాకు ఇప్పటికీ అది అన్యాయంగానే తోస్తుంది.

మీ తోటి ఉపాధ్యాయుడికి ఒక మాట చెప్పండి. ఆరన్ ఆరడుగుల ఎత్తు, 82 కిలోల దగ్గర బరువు ఉండేవాడు. ఆ ఆటలో అది భారీ శరీరం కాదు. అతని బలమంతా మణికట్లలో ఉంది.

జవాబు: గణిత అధ్యాపకురాలు, బొబ్బిలి

రెండో ప్రశ్నకు నేను ప్రయత్నిస్తాను. హ్యాంక్ ఆరన్ సీజన్ల లెక్కను నేను ప్రతి ఏడాదీ తరగతిలో ఉదాహరణగా చెబుతాను. సగటుకూ, గరిష్ఠానికీ, స్థిరత్వానికీ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి వరుస నాకు దొరకలేదు.

1954లో 13 తర్వాత, 1955 నుంచి 1974 దాకా వరసగా ఇరవై సీజన్లు చూడండి. వీటిలో ఒక్కటి కూడా 20కి తగ్గలేదు. పదిహేను సీజన్లలో 30 లేదా అంతకంటే ఎక్కువ, ఎనిమిది సీజన్లలో 40 లేదా అంతకంటే ఎక్కువ. వీపు మీద ఆయన అంకె 44. సరిగ్గా 44 హోమ్ రన్లు కొట్టిన సీజన్లు నాలుగు: 1957, 1963, 1966, 1969. బేబ్ రూత్ నాలుగుసార్లు యాభై దాటాడు, 1927లో 60 కొట్టాడు. ఆరన్ కాలపు మరో ఆటగాడు విల్లీ మేస్ రెండుసార్లు యాభై దాటాడు, మొత్తం 660 దగ్గర ఆగాడు. ఆరన్ గ్రాఫు గీస్తే శిఖరాలు కనబడవు. ఎత్తైన పీఠభూమి ఒకటి ఇరవై ఏళ్ళ పొడవునా పరచుకొని కనబడుతుంది.

అయితే న్యాయంగా మాట్లాడాలి గనుక రెండో వైపు కూడా చెబుతాను. రూత్ 714 హోమ్ రన్లకు తీసుకున్న అవకాశాలు, అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులు, ఇంచుమించు 8,400. ఆరన్ 755కు తీసుకున్నవి 12,364. అంటే రూత్ దాదాపు పన్నెండు అవకాశాలకు ఒకటి కొడితే, ఆరన్ పదహారుకు పైగా అవకాశాలకు ఒకటి కొట్టాడు. పైగా రూత్ తొలి సంవత్సరాలు పిచ్చర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, గడిపాడు. ఒక్కొక్క అవకాశంలో చూపిన బలమే కొలత అయితే రూత్‌దే పైచేయి అని ఒప్పుకోక తప్పదు. ఎక్కువ కాలం ఆడటం వల్ల వచ్చిన అంకె అనేవారి మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ ఎక్కువ కాలం ఆడటమంటే ఊరికే హాజరు వేయించుకోవడం కాదు. ముప్ఫై అయిదో ఏట నుంచి ముప్ఫై తొమ్మిదో ఏట వరకు, అంటే 1969 నుంచి 1973 దాకా, ఆయన వరసగా 44, 38, 47, 34, 40 కొట్టాడు. అయిదేళ్ళలో 203. చాలామంది ఆట మానేసే వయసు అది.

మైదానం మాట కూడా లెక్కతోనే తేల్చవచ్చు. 1966లో జట్టు అట్లాంటాకు మారింది. ఆ ఊరు సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తున ఉంటుంది. గాలి కాస్త పలచన, బంతి కాస్త దూరం పోతుంది. అక్కడ బంతి తేలికగా కంచె దాటుతుందని పేరు పడింది, ఆరన్ కూడా దానికి తగ్గట్టు బంతిని ఎడమ వైపుకు లాగి కొట్టడం పెంచాడు. మిల్వాకీలో పన్నెండు సీజన్లలో 398, అంటే ఏడాదికి సగటున 33. అట్లాంటాలో తొమ్మిది సీజన్లలో 335, అంటే ఏడాదికి 37. చివరి రెండేళ్ళు మళ్ళీ మిల్వాకీలో, బ్రూవర్స్ జట్టుకు 22. అట్లాంటా సాయం చేసిన మాట వాస్తవమే. కానీ జీవితం మొత్తంలో సొంత మైదానాల్లో కొట్టినవి 385, పరాయి మైదానాల్లో కొట్టినవి 370. సొంత మైదానమే అంతా చేసి ఉంటే ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండవు.

మాస్టారూ, నన్ను అడిగితే 755 కంటే పెద్ద అంకెలు ఆయన ఖాతాలో వేరే ఉన్నాయి. తన దెబ్బలతో ఇంటికి చేర్పించిన పరుగులు 2,297, దెబ్బలతో సంపాదించిన మొత్తం బేస్‌లు (పరుగు పూర్తి చేయడానికి దాటే మజిలీలు) 6,856. ఈ రెండు రికార్డులూ ఈనాటికీ ఆయనవే. బేస్‌ల లెక్కలో రెండో స్థానంలో ఉన్న ఆల్బర్ట్ పుహోల్స్‌కు 6,211. మధ్య తేడా 645 బేస్‌లు. ఒక్కొక్కటి తొంభై అడుగులు కనుక, పదిహేడు కిలోమీటర్లకు పైగా దూరం. 755 హోమ్ రన్లనూ పూర్తిగా తీసేసినా ఆయనకు ఇంకా 3,016 హిట్లు, అంటే బేస్ చేర్చిన దెబ్బలు, మిగులుతాయి. హోమ్ రన్ల మాటే ఎత్తకుండా గొప్పవాడని నిరూపించగల హోమ్ రన్ వీరుడు నాకు తెలిసి మరొకరు లేరు.

జవాబు: వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకుడు, నెల్లిమర్ల

పెద్దాయన రాసినదాంట్లో ఒక్క మాటతో నేను ఏకీభవించలేను, మన్నించాలి. బలమంతా మణికట్లలో ఉందని ఆరన్ గురించి చాలామంది అంటారు. కానీ మణికట్టు బలాన్ని పుట్టించదు, కింద నుంచి వచ్చిన బలాన్ని బ్యాటుకు అందిస్తుంది. బలం పుట్టేది పాదం నేలను తన్నినప్పుడు. అది తొడల్లోంచి నడుముకు, నడుము తిరుగుడులోంచి భుజాలకు, అక్కడి నుంచి చేతులకు పాకుతుంది. బరువులెత్తే పిల్లలకు మేము మొదటి రోజు నుంచీ చెప్పేది ఇదే: చేతులు తాళ్ళలాంటివి, లాగేది కాళ్ళూ నడుమూ. మీ ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ బరువును చేతుల బలంతో ఎవరూ ఎత్తలేరు. కడ్డీని సరైన క్షణంలో వేగంగా పైకి విసిరి, దాని కిందికి అంతే వేగంగా దిగగలగాలి. మా కొండవెలగాడలోనూ సన్నని పిల్లలే పెద్ద బరువులెత్తడం చూస్తూ పెరిగాం.

అయితే ఆరన్ మణికట్లకు అంత పేరు ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. పిచ్చర్ నిలిచే చోటు నుంచి, బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ఇంటి పలకకు 60 అడుగుల 6 అంగుళాలు. వేగంగా వేసిన బంతి ఆ దూరాన్ని సెకనులో పదింట నాలుగు వంతుల్లో దాటుతుంది. బ్యాటూ బంతీ తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు. కొట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి బ్యాటర్‌కు దొరికేది రెప్పపాటు. చేతులు ఎంత వేగంగా తిరిగితే, నిర్ణయాన్ని అంత ఆలస్యంగా తీసుకోవచ్చు. ఎంత ఆలస్యంగా తీసుకుంటే బంతిని అంత బాగా చూడవచ్చు. ఆరన్ శరీర భారం ముందు పాదం మీదికి వచ్చేసేది, చూసేవారికి మోసపోయాడనిపించేది, కానీ చేతులు ఇంకా వెనుకనే ఉండేవి. చివరి క్షణంలో అవి తిరిగేవి. దీనికి నా దృష్టిలో గట్టి సాక్ష్యం ఆయన స్ట్రైకౌట్ల లెక్క, అంటే మూడు స్ట్రైకులతో అవుటైన సార్ల లెక్క. భారీగా కొట్టేవాళ్ళు భారీగా తప్పుతారు కూడా. ఇరవై మూడు సీజన్లలో ఆరన్ ఒక్క ఏడాదిలోనూ వంద స్ట్రైకౌట్లకు చేరలేదు.

ఇక అమ్మాయి పట్టు విషయం. మార్చాలి మాస్టారూ, కానీ ఒక్క రోజులో కాదు. చేతులు తారుమారుగా ఉన్నప్పుడు బ్యాటు తిరిగే చివరి భాగంలో ముంజేతులు ఒకదానికొకటి అడ్డం పడి మణికట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఇప్పుడు నొప్పి లేకపోయినా బరువైన బ్యాటు పట్టే వయసుకు ఇబ్బంది రావచ్చు. అలాగని విసిరే బంతికి కొత్త పట్టుతో వెంటనే కొట్టించవద్దు. వరసగా పది బంతులు తప్పితే పిల్ల మనసు విరుగుతుంది. నడుము ఎత్తున గొట్టం మీద కదలని బంతిని పెట్టి, రోజుకు ముప్ఫై నలభై దెబ్బలు చాలు. తర్వాత పక్క నుంచి మెల్లగా ఎగరేసే బంతి, ఆ తర్వాతే విసిరే బంతి. గ్రిగ్స్ అనే ఆయన చేసిన పనిలో నాకు నచ్చింది, ఆయన ఆజ్ఞాపించకుండా ఒకసారి చేసి చూడమని అడగడం. తేడా ఏమిటో పిల్ల చేతులకే తెలియాలి. నలభై కిలోల బరువు గురించి మాత్రం మీరు కంగారు పడవద్దు. గుడ్డు, వేరుశనగ, పప్పు సరిగ్గా అందేలా చూడండి, ఆ వయసుకు అది ముఖ్యం.

జవాబు: డిగ్రీ విద్యార్థి, పలాస

నేను బేస్‌బాల్‌ను ఈ మధ్యనే చూడటం మొదలుపెట్టాను. రికార్డు ఇప్పుడు ఆరన్‌ది కాదు కదా? బ్యారీ బాండ్స్ 2007 ఆగస్టు 7న 756వది కొట్టి 762 దాకా వెళ్ళాడు. జపాన్‌లో సదహారు ఓ 868 కొట్టాడు. అలాంటప్పుడు పిల్లలకు మొదటి ఉదాహరణగా ఆరన్‌నే ఎందుకు తీసుకోవాలో పెద్దలు చెప్పగలరా?

జవాబు: విశ్రాంత రైల్వే ఉద్యోగి, విజయనగరం

ముందుగా నెల్లిమర్ల గురువు గారికి: మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మణికట్టు గురించి నేను చదివిన మాటను ఆలోచించకుండా తిరిగి రాశాను.

పలాస బాబూ, నీ అంకెలు సరైనవే. బాండ్స్ 2001లో ఒక్క సీజన్‌లోనే 73 కొట్టాడు. కానీ ఉత్ప్రేరక మందుల ఆరోపణలు అతని చివరి సంవత్సరాల మీద నీడలా పడ్డాయి, మహా ఆటగాళ్ళ గౌరవ సౌధమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఓటు వేసేవారు అతన్ని ఈనాటికీ లోపలికి రానివ్వలేదు. ఆరన్‌కు 1982లో నూటికి తొంభై ఏడుకు పైగా ఓట్లు వచ్చాయి. అయినా తన రికార్డు పోయిన రాత్రి బాండ్స్‌ను అభినందిస్తూ ఆరన్ చెప్పిన మాటలను స్టేడియం తెర మీద చూపించారు. ఇక సదహారు ఓ గారి సంగతి. ఆయనా ఆరనూ 1974 నవంబర్ 2న టోక్యోలో హోమ్ రన్ల పోటీలో తలపడ్డారు. ఆరన్ 10, ఓ 9. నలభై ఏళ్ళ ఆరన్ గెలిచాడు, ఆ తర్వాత కూడా వారి స్నేహం చాలాకాలం నిలిచింది. వేరే దేశపు లీగ్‌లో, వేరే పిచ్చర్ల మీద కొట్టినవాటిని ఒకే తక్కెడలో తూచడం నాకు ఇష్టం లేదు, ఇద్దరూ మహానుభావులే.

పిల్లలకు ఆరన్ గురించే ఎందుకు చెప్పాలన్నదానికీ, ఉత్తరాల సంగతి చెప్పవచ్చునా అని మాస్టారు అడిగినదానికీ నా జవాబు ఒక్కటే. చెప్పాలి. ఉత్తరాలను వదిలేసి ఆరన్ కథ చెబితే మిగిలేది అంకెలే.

1973 సీజన్ ముగిసేనాటికి ఆయన 713 దగ్గర ఆగాడు. రూత్‌ను అందుకోవడానికి ఒక్కటి, దాటడానికి రెండు కావాలి. ఆ శీతాకాలం అంతా ఎదురుచూపే. ఒక్క 1973లోనే ఆయనకు దాదాపు 9,30,000 ఉత్తరాలు వచ్చాయని అమెరికా తపాలా శాఖ లెక్క కట్టింది. వాటిలో ప్రేమతో రాసినవి ఎన్నో ఉన్నాయి. కానీ తెల్లవాడైన రూత్ రికార్డును నల్లవాడు దాటడానికి వీల్లేదని, దాటితే చంపుతామని రాసినవి కూడా కుప్పలుగా వచ్చాయి. నాష్‌విల్‌లో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న కూతురును ఎత్తుకుపోతామని బెదిరించారు. అట్లాంటా పోలీసు అధికారి కాల్విన్ వార్డ్‌లా ఆయనకు అంగరక్షకుడిగా వెంట తిరిగాడు. జట్టంతా ఒక హోటల్లో ఉంటే ఆయన మారుపేరుతో మరొక చోట ఉండవలసి వచ్చింది. కూతురికి ఫోన్ చేసి క్షేమమేనా అని అడిగి, ఆ వెంటనే మైదానంలోకి వెళ్ళి బంతిని చూడవలసిన తండ్రిని ఊహించుకోండి.

1974 ఏప్రిల్ 4న సిన్సినాటీలో, సీజన్‌లోని తన మొదటి దెబ్బకే 714. ఏప్రిల్ 8న అట్లాంటాలో 53,775 మంది చూస్తుండగా, రాత్రి తొమ్మిది దాటాక, నాలుగో ఇన్నింగ్స్‌లో లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్ పిచ్చర్ ఆల్ డౌనింగ్ వేసిన బంతిని ఎడమ వైపు కంచె మీదుగా పంపాడు. డౌనింగ్ వీపు మీద కూడా 44 అంకె ఉండటం ఒక చిత్రం. బంతిని కంచె అవతల సొంత జట్టు పిచ్చర్ టామ్ హౌస్ పట్టుకొని పరుగెత్తుకొచ్చి ఇచ్చాడు. ఆరన్ రెండో బేస్ దాటుతుండగా ఇద్దరు తెల్ల కుర్రవాళ్ళు ప్రేక్షకుల్లోంచి దూకి ఆయన వైపు పరుగెత్తారు. వార్డ్‌లా పక్కన దుర్భిణి సంచిలో తుపాకీ ఉంది. వాళ్ళు దాడికి వచ్చారో అభినందించడానికి వచ్చారో ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. ఆయన తుపాకీ తీయలేదు. ఆ కుర్రవాళ్ళు ఆరన్ భుజం తట్టి వెళ్ళిపోయారు. ఇంటి పలక దగ్గర తల్లి ఎస్టెల్లా కొడుకును ఎంత గట్టిగా వాటేసుకుందంటే, తనకు తల్లిలో అంత బలం ఉందని అప్పుడే తెలిసిందని ఆరన్ తర్వాత చెప్పాడు. ఎవరైనా కాల్చితే ముందు తనకు తగలాలని ఆమె పట్టుకుందట.

ఇంకొక సంగతి. క్లౌన్స్ జట్టులో ఉన్న రోజుల్లో వాషింగ్టన్‌లో ఒక హోటల్లో వీళ్ళు భోజనం చేసి లేచాక, తిన్న పళ్ళేలను వంటగదిలో పగలగొడుతున్న చప్పుడు వినిపించిందని ఆయన చెప్పుకున్నాడు. నల్లవాళ్ళు తిన్న పళ్ళేలు మళ్ళీ వాడకూడదని. నేను పుట్టిన ఊళ్ళో టీ దుకాణం బయట కొందరికి వేరే గ్లాసులు బోర్లించి ఉండేవి. వాళ్ళు తాగి, తామే కడిగి, అక్కడే పెట్టాలి. ఆ గ్లాసులను చూస్తూ పెరిగి, ఒక్కనాడూ ఎందుకని అడగని వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆరన్ గురించి ఆ పేజీ చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ బడి పిల్లల్లో ఆ గ్లాసుల సంగతి తమ తాతల నోట విన్నవారు ఉండే ఉంటారు. వారికి ఈ కథ చెప్పకుండా దాచవలసిన అవసరం లేదు మాస్టారూ, వారికి అది ముందే తెలుసు.

ఆ ద్వేషపు ఉత్తరాలను ఆరన్ పారేయలేదు. 1976 జూలై 20న మిల్వాకీలో 755వది, చివరిది కొట్టి, ఆ ఏడాదితో ఆట మానేసి, బ్రేవ్స్ సంస్థలోనే కొత్త ఆటగాళ్ళను తయారుచేసే విభాగానికి పెద్ద అయ్యాడు. నల్లజాతివారికి అలాంటి పదవులు దక్కడం అప్పటికి చాలా అరుదు. 2021 జనవరి 22న, 86 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. అంత పేరు వచ్చాక కూడా ఆ ఉత్తరాలను ఇంట్లో దాచుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు: వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

మీ అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూడకుండా బదులు ఇవ్వడం సబబు కాదనిపించింది.

నెల్లిమర్ల గురువు గారు చెప్పినట్టే ప్లాస్టిక్ గొట్టం ఒకటి నడుము ఎత్తుకు కోసి, సిమెంటు పోసిన డబ్బాలో నిలబెట్టాను. మొదటి వారం కొత్త పట్టుతో ప్రతి బంతీ నేల మీదే దొర్లింది, అమ్మాయి ఒకరోజు బ్యాటు కింద పెట్టి ఏడ్చింది కూడా. ఆ రోజు ఆరన్ చేతులు మార్చుకున్న సంగతి చెప్పి, నీకు ఇష్టమైతేనే మార్చుకోమన్నాను. మర్నాడు బడి గంట కొట్టకముందే వచ్చి గొట్టం దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడు పక్క నుంచి ఎగరేసే బంతి దాకా వచ్చాం. దూరం పాత పట్టుతో పోయినంత ఇంకా పోవడం లేదు, సరుగుడు చెట్లకు ఇంకా పది పదిహేను అడుగుల ఇవతలే పడుతోంది. తప్పడం మాత్రం సగానికి సగం తగ్గింది. బొబ్బిలి మేడమ్ గారి సీజన్ల పట్టికను నల్లబల్ల మీద రాయించి, 1954లోని 13 దగ్గర వేలు పెట్టి చూపించాను. నా తోటి ఉపాధ్యాయుడు నిన్న సాయంత్రం వచ్చి అరగంట చూశారు. అభిప్రాయం మార్చుకున్నానని అనలేదు, కానీ బంతులు ఎగరేయడానికి ఆయనే కూర్చున్నారు.

ఉత్తరాల సంగతి, పళ్ళేల సంగతి కూడా చెప్పాను. పిల్లలు కదలకుండా విన్నారు. చెప్పడం అయ్యాక ఈ అమ్మాయే లేచి, ఆ పళ్ళేలు పగలగొట్టినవాళ్ళు తర్వాత ఆయన ఆట చూసి ఉంటారా మాస్టారూ అని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. ఎంపికలు వచ్చే శనివారం. బ్యాటింగ్ వరసలో ఆమె పేరు నాలుగో స్థానంలో రాశాను.